చర్మం మీద మచ్చలుంటే బరువెందుకు చూస్తారు?

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి సోరియాసిస్‌తో వెళ్లినవాళ్లను డాక్టరుగారు బరువెంతని అడిగితే వింతగా ఉంటుంది కదూ?

మన చర్మం పైపొర సుమారు నెలకోసారి కొత్తదవుతుంది. ఈ జబ్బులో, ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే పొరబడి ఈ మార్పును తొందరపెడతాయి. నెల పని కొద్దిరోజుల్లోనే అయిపోతుంది. పాతవి రాలకముందే కొత్త కణాలు పైకొచ్చి, ఎర్రటి మచ్చల మీద తెల్లటి పొలుసులు కడతాయి. ఇది అంటువ్యాధి కాదు పిల్లలూ, ఈ జబ్బున్న స్నేహితుడి పక్కన నిశ్చింతగా కూర్చోండి.

మరి బరువు? ఒంట్లో కొవ్వు ఊరికే పడి ఉండదు. ఎక్కువైతే, వాపును రేపే రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. రాజుకున్న కుంపట్లో ఇంకాసిని బొగ్గులు వేసినట్టే! సన్నగా ఉన్నవాళ్లకూ సోరియాసిస్ వస్తుంది. కానీ లావుగా ఉన్నవాళ్లు బరువు తగ్గితే చాలామందికి మచ్చలు తగ్గుముఖం పడతాయి, మందులూ బాగా పనిచేస్తాయి.