సమాధానం అంటే జవాబు మాత్రమేనా? గందరగోళం మధ్యలో మనశ్శాంతి

ఈరోజు ఎపిసోడ్ దబీర్‌పురా నుంచి. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఇటు ఆటోలు, అటు ఎంఎంటీఎస్ రైలు, మధ్యలో బండ్ల వాళ్ళ కేకలు, మసీదు నుంచి అజాన్. ఓల్డ్ సిటీలో నిశ్శబ్దం కోసం వెతికితే దొరకదు. అందుకే ఈ టాపిక్‌కి ఇదే కరెక్ట్ ప్లేస్ అనిపించింది.

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ప్రార్థన చేస్తున్నాను, చర్చికి వెళ్తున్నాను, అయినా రాత్రి నిద్ర పట్టట్లేదు. నా విశ్వాసం తక్కువా?" ఇది చిన్న ప్రశ్న కాదు. ప్లేస్‌మెంట్ రాలేదని ఒకరికి, ఇంట్లో అప్పు అని ఇంకొకరికి, నాన్న ఆరోగ్యం బాగాలేదని మరొకరికి దిగులు. దానికి తోడు "నువ్వు సరిగ్గా నమ్మట్లేదేమో" అనే భయం కూడా మీద పడితే, ఒక బరువు రెండు బరువులు అవుతుంది. ఈరోజు ఆ రెండో బరువుని దించే ప్రయత్నం చేద్దాం.

ముందు ఒక మాట చూద్దాం. సమాధానం. మామూలుగా మనం మాట్లాడేటప్పుడు సమాధానం అంటే జవాబు. ఎగ్జామ్‌లో రాసేది అదే, గూగుల్‌లో వెతికేదీ అదే. కానీ మన తెలుగు బైబిల్ తెరిచి చూడండి, శాంతి అనాల్సిన చోట చాలాసార్లు ఈ మాటే కనిపిస్తుంది. యేసు చనిపోయే ముందు రాత్రి శిష్యులతో మాట్లాడిన మాటలు యోహాను సువార్త 14వ అధ్యాయంలో ఉన్నాయి. నా సమాధానాన్ని మీకు ఇచ్చి వెళ్తున్నాను, లోకం ఇచ్చినట్టు నేను ఇవ్వను అనే అర్థం వచ్చేలా చెప్తాడు ఆయన. అక్కడ సమాధానం అంటే జవాబు కాదు, శాంతి.

మన ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, మనం మోకాళ్ళ మీద ఉండి అడిగేది మొదటి రకం సమాధానం. జాబ్ ఎప్పుడు వస్తుంది? రిపోర్ట్ ఏమని వస్తుంది? ఆ జవాబు దొరికితేనే మనసు కుదుటపడుతుంది అనుకుంటాం. దేవుడు చాలాసార్లు రెండో రకం సమాధానం ముందు ఇస్తాడు. జవాబు ఇంకా రాకముందే శాంతి. ఇది ఎలా సాధ్యం? మూడు చోట్ల చూద్దాం.

మొదటిది, పడవ. మార్కు సువార్త 4వ అధ్యాయం. సాయంత్రం పూట గలిలయ సరస్సు దాటుతుంటే పెద్ద తుఫాను లేచింది. నీళ్ళు పడవలోకి వచ్చేస్తున్నాయి. ఆ పడవలో ఉన్నవాళ్ళలో కొందరు చిన్నప్పటి నుంచీ చేపలు పట్టి బతికినవాళ్ళు. వాళ్ళే భయపడ్డారంటే గాలి ఏ రేంజ్‌లో ఉందో ఆలోచించండి. యేసు మాత్రం పడవ వెనక భాగంలో తల కింద దిండు పెట్టుకుని నిద్రపోతున్నాడు. శిష్యులు ఆయన్ని లేపి, మేం చనిపోతున్నా నీకు పట్టదా అన్నట్టు అడిగేశారు.

ఇక్కడ ఒకటి గమనించండి. అది చాలా మర్యాదగా చేసిన ప్రార్థన ఏం కాదు. దాదాపు కోప్పడ్డారు. అయినా ఆయన లేచి ముందు గాలిని ఆపాడు, ఆ తర్వాతే వాళ్ళ భయం గురించి మాట్లాడాడు. "ఇలా అడిగారు కాబట్టి మునిగిపోండి" అనలేదు. కాబట్టి భయంతో, వణుకుతూ చేసిన ప్రార్థన కూడా ప్రార్థనే. ఇంకో విషయం, ఆయన పక్కనే ఉన్నప్పుడే తుఫాను వచ్చింది. కష్టం వచ్చిందంటే దేవుడు వదిలేశాడని అర్థం కాదు.

రెండోది, దర్వాజా. ఇక్కడి దబీర్‌పురా దర్వాజా చాలామందికి తెలుసు. 18వ శతాబ్దంలో హైదరాబాద్ చుట్టూ కట్టిన కోట గోడకి డజను పైగా పెద్ద దర్వాజాలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి రెండే, ఒకటి ఇది, రెండోది పురానాపూల్ దర్వాజా. గోడ పోయింది, ట్రాఫిక్ మిగిలింది. కోట గోడకి దర్వాజా ఎందుకు పెడతారు? ఊరిని ప్రపంచం నుంచి పూర్తిగా మూసేయడానికైతే గోడ చాలు. దర్వాజా పెట్టి అక్కడ కావలివాళ్ళని నిలబెట్టేది ఎవరు లోపలికి రావాలి, ఎవరు బయటే ఉండాలి అని చూడటానికి.

అపొస్తలుడైన పౌలు సరిగ్గా ఇదే బొమ్మ వాడాడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో, దేవుడిచ్చే సమాధానం మీ హృదయాలకీ ఆలోచనలకీ కావలి ఉంటుంది అనే భావం చెప్తాడు. గ్రీకు మూలంలో అక్కడ వాడింది సైనికులు పహారా కాయడాన్ని చెప్పే మాట. ఫిలిప్పీ రోమన్ల కాలనీ, రిటైరైన సైనికులు స్థిరపడిన ఊరు. వాళ్ళకి ఆ మాట వెంటనే అర్థమై ఉంటుంది. పైగా పౌలు ఆ ఉత్తరం రాసింది సంకెళ్ళలో ఉండి. అంటే ఆయన చుట్టూ నిజంగా కావలి ఉంది. బయట రోమన్ సైనికుడి కావలి, లోపల దేవుడి సమాధానం కావలి. జైలు తలుపు తెరుచుకున్నాక రాసిన మాటలు కావు అవి.

కావలి ఉంటే గోల ఆగిపోతుందా? ఆగదు. దర్వాజా బయట సంత నడుస్తూనే ఉంటుంది. కానీ ప్రతి కేకా మీ పడకగదిలోకి రాదు. మన ఫోన్‌తో పోల్చి చూడండి. ప్రతి యాప్‌కీ నోటిఫికేషన్ పర్మిషన్ ఇచ్చేస్తే రాత్రంతా మోగుతూనే ఉంటుంది. మనసు కూడా అంతే. పర్మిషన్ ఎవరికి ఇస్తున్నామో చూసుకోవాలి.

మరి దీన్ని ప్రాక్టికల్‌గా ఎలా చేయాలి? పౌలు అదే చోట చెప్పిన వరుసలోనే వెళ్దాం. ఒకటి, చింతని పేరు పెట్టి పిలవండి. "టెన్షన్‌గా ఉంది" అంటే సరిపోదు. "వచ్చే నెల ఫీజు కట్టలేనేమో అని భయంగా ఉంది" అని చెప్పండి. కాగితం మీద రాస్తే ఇంకా మంచిది. రెండు, దాన్ని విన్నపంగా మార్చండి. మనలో మనమే తిప్పుకుంటే అది చింత, దేవుడి వైపు తిప్పితే ప్రార్థన. మూడు, కృతజ్ఞత. కష్టానికి థాంక్స్ చెప్పమని కాదు. కష్టం మధ్యలో కూడా మిగిలి ఉన్నది ఏంటో చూడమని. ఈరోజు అన్నం పెట్టిన అమ్మ, ఫోన్ చేసిన ఫ్రెండ్, ఏదైనా సరే. ఆ తర్వాతే కావలి గురించిన మాట వస్తుంది. పడుకునే ముందు పది నిమిషాలు, ఫోన్ చేతికి అందనంత దూరంలో పెట్టి ఒక వారం చేసి చూడండి.

మొదటి రాత్రే అద్భుతం జరగాలని లేదు. పౌలు కూడా అదే అధ్యాయంలో, ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని అంటాడు. నేర్చుకున్నాను అన్నాడంటే, టైమ్ పట్టింది అని అర్థం.

మూడోది, ఒంగోలు కొండ. జవాబు ఆలస్యమైతే ఎలా అనేవాళ్ళ కోసం ఇది. 1850ల్లో అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కి ఫలితం దాదాపు కనిపించలేదు. మూసేద్దామా అని అక్కడ చర్చ కూడా నడిచింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలులో కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. కిందికి దిగాక ఏమైంది? వెంటనే ఏమీ కాలేదు. ఆ ఊరికి మిషనరీగా జాన్ క్లౌ వచ్చింది 1866లో, అంటే 12 ఏళ్ళ తర్వాత.

తర్వాత 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించాడు. అన్నం కోసం మతం మారారు అనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య కంటే మధ్యలో ఉన్న 12 ఏళ్ళు మనకి ముఖ్యం. ఆ ఐదుగురి చేతిలో జవాబు లేదు, అయినా ప్రార్థించి వాళ్ళ పనిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

క్లౌ కథలో ఇంకోటి కూడా ఉంది. ఆయన ప్రార్థించాడు, కాలువా తవ్వించాడు. మన ఊళ్ళో కూడా 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని మింగేసింది. దాని తర్వాత కన్నీళ్ళతో ఆగిపోలేదు, మళ్ళీ అలా జరగకుండా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. మనశ్శాంతి అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. మనసు కుదుటపడితేనే చేయాల్సిన పని కనిపిస్తుంది. అప్పు ఉంటే ఇంట్లో చెప్పండి, లెక్క రాయండి. రెజ్యూమె సరిచేయండి.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేదు అనే ఆలోచన వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీగా మాట్లాడొచ్చు, తెలుగులో కూడా. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడని బైబిలే చెప్తుంది.

కాబట్టి మొదట్లో అడిగిన ప్రశ్నకి వద్దాం. నిద్ర పట్టట్లేదు అంటే విశ్వాసం తక్కువా? కాదు. పడవలో భయపడినవాళ్ళు కూడా శిష్యులే. వాళ్ళు చేసిన మంచి పని ఒక్కటే, ఆ భయంతోనే ఆయన దగ్గరికి వెళ్ళారు. మీరూ అదే చేయండి.

ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందాం. ప్రభువా, ఇది చూస్తున్నవాళ్ళ చింత ఏంటో నీకు తెలుసు. జవాబు వచ్చేదాకా నీ సమాధానం వాళ్ళ మనసుకి కావలి ఉండనివ్వు. ఈ రాత్రి వాళ్ళకి మంచి నిద్ర ఇవ్వు. ఆమేన్.

ఇది ఎవరికి అవసరమో మీకు తెలిస్తే వాళ్ళకి పంపండి. పంపడంతో ఆగకుండా ఒక ఫోన్ కూడా చేయండి, "తిన్నావా?" అని అడగండి. మళ్ళీ కలుద్దాం ఫ్రెండ్స్.