స్టీరింగు వెనుక గేర్లు: చిన్న కారుకు అక్కరకొస్తాయా?

కొన్ని ఆటోమేటిక్ కార్లలో స్టీరింగు వెనుక చెవుల్లాంటి రెండు చిన్న రేకులుంటాయి. వీటినే ప్యాడిల్ షిఫ్టర్లు అంటారు. కుడిదాన్ని వేలితో లాగితే గేరు పెరుగుతుంది, ఎడమదాన్ని లాగితే తగ్గుతుంది. క్లచ్ తొక్కే పనే లేదు.

ఇవి రేసు కార్ల నుంచి వచ్చినవి. 1989లో బ్రెజిల్ రేసును నైజెల్ మాన్సెల్ ఇలాంటి గేర్లున్న ఫెరారీ కారుతోనే గెలిచాడు. రేసులో అర క్షణం కూడా విలువైనదే. మరి మన భద్రాచలం-పాల్వంచ రోడ్డు మీద? గేరు క్షణం ముందు పడినా, వెనక పడినా ఒకటే. పైగా ఆటోమేటిక్ బండి తన గేరు తనే మార్చుకుంటుంది కదా!

ఘాట్ రోడ్డు సంగతి వేరు. చింతూరు నుంచి మారేడుమిల్లి పోయే దారిలో ఎన్ని ఎత్తుపల్లాలో, ఎన్ని మలుపులో మనకు తెలుసు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే రాపిడికి బ్రేకులు కాగిపోతాయి. బాగా కాగిన బ్రేకు సరిగా పట్టదు. అందుకే ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలంటారు. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని ఆపి పట్టుకుంటుంది. ఆటోమేటిక్ బండిని దాని ఇష్టానికి వదిలేస్తే దిగుడులో పెద్ద గేరులోకి పోవచ్చు. అప్పుడు ఆ పట్టు తగ్గుతుంది. కాబట్టి అక్కడ గేరు మన చేతిలో ఉండాలి.

అయితే దానికి రేకులే కావాలని లేదు. 2014లో వచ్చిన మారుతి సెలేరియో ఆటోమేటిక్‌లో గేరు రాడ్డును పక్కకు జరిపి మనమే గేరు మార్చుకోవచ్చు. మామూలు గేర్ల బండిలో ఈ ఇబ్బందే లేదు. పైగా పెద్ద మలుపులో చాలా కార్లలో స్టీరింగుతో పాటు రేకులూ తిరిగిపోతాయి. ఏది కుడో, ఏది ఎడమో తికమక! అందుకని మలుపుకు ముందే గేరు తగ్గించుకోవాలి.

ఇంకొక మాట. డీజిల్ మిగులుతుందని కొందరు దిగుడులో న్యూట్రల్ చేసి, ఇంజను కూడా ఆపేస్తారు. ఇది ప్రాణానికే ముప్పు. ఇంజను ఆగితే బ్రేకుకు అందే సాయం పోయి పెడల్ గట్టిపడుతుంది. కొత్త బండ్లలో గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ దానంతటదే ఆగుతుంది. ఇక మిగిలేదేముంది?

కాబట్టి చిన్న కారు కొనేవారు ఈ రేకుల కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. గేరును పట్టి ఉంచే వీలుందా లేదా చూసుకుంటే చాలు. రేపు మనలో ఎవరు స్టీరింగు పట్టినా, జీపు గానీ కారు గానీ, దిగుడు మొదలుకాక ముందే చిన్న గేరు వేయాలి. వెనక కూర్చున్నది మనవాళ్లే!