కుందేటి బొచ్చు రాలినప్పుడు

మన పాఠశాల బాలబాలికలలో కుందేళ్లను పెంచువారు పలువురు కలరు. కుందేలు కుక్కవలె మొరగదు; పిల్లివలె పాలగిన్నెలో మూతి పెట్టదు; గడ్డి తిని ఒకమూల ఒదిగి కూర్చుండును. ఇట్టి సాధుజంతువునకు ఒకనాడు మెడమీదనో, చెవిప్రక్కనో బొచ్చు ఊడి చర్మము బయటపడును. అది చూచి ఇంటిలో మూడు విధములైన మాటలు పుట్టును. “వేసవి గదా, ఊడినది మరల వచ్చును” అని యొకరందురు. “గజ్జి పట్టినది, కిరసనాయిలు పూయుము” అని మరియొకరందురు. “పిల్లలకు అంటుకొనును, ఊరిబయట వదలి రమ్ము” అని వేరొకరందురు. మొదటిమాట ఒక్కొక్కప్పుడు నిజమే. రెండవది ప్రాణాపాయకరము. మూడవది కుందేటికి మరణశాసనము.

బొచ్చు రాలుట రోగము కాదు, రోగమునకు గుర్తు కావచ్చును, కాకపోవచ్చును. ఎచట రాలినది, ఎట్లు రాలినది, రాలినచోట చర్మమెట్లున్నది అను మూడు ప్రశ్నలకు జవాబు దొరికినచో కారణము చాలవరకు తెలియును. మేము పశువైద్యులము కాము; తెలుగు చెప్పువారము. చికిత్స వైద్యుని పని. కాని చూచుట, చూచినదానిని సరిగా చెప్పుట పెంచువారి పని. ఆ పనికి తోడ్పడు విషయములను ఇచట వ్రాయుచున్నాము.

సహజముగా రాలు బొచ్చు

కుందేలు ఏటికి ఒకటి రెండుమారులు పాతబొచ్చు రాల్చి క్రొత్తబొచ్చు వేయును. ఈ మార్పు సాధారణముగ తలవద్ద మొదలై వెనుకకు సాగి కొన్ని వారములలో ముగియును. కుచ్చులు కుచ్చులుగా ఊడినను అడుగున పొట్టివెండ్రుకలు మొలచుచు కనబడును. చర్మము నున్నగా, శుభ్రముగా ఉండును. పక్కు ఉండదు, దురద ఉండదు. దీనికి మందు అక్కరలేదు. దినమున కొకమారు మెత్తని బ్రష్షుతో దువ్వి, ఎండుగడ్డి సమృద్ధిగా పెట్టిన చాలును. కుందేలు తన ఒడలు తానే నాకికొనుచు రాలిన బొచ్చును మ్రింగును. దానికి వాంతి చేసికొను శక్తి లేదు. మేతలో పీచు తగినంత ఉన్నప్పుడే ఆ బొచ్చు ప్రేగులలో నిలువక బయటికి పోవును.

ఆడకుందేలు సుమారు 31 దినములు గర్భము మోయును. ఈనుటకు ముందు తన రొమ్ము, పొట్టలయందలి బొచ్చును నోటితో పెరికి పిల్లలకు మెత్తని పడక యమర్చును. గర్భము లేకున్నను ఉన్నట్లు భ్రమించి ఇట్లు చేయు ఆడకుందేళ్లు కూడ కలవు. ఇది తల్లి స్వభావము; రోగము కాదు. ఒకే గూటిలో రెండు మూడు కుందేళ్లున్నచో ఒకటి మరియొకదాని బొచ్చును, మీసములను కొరుకుటయు కలదు. అట్టిచోట వెండ్రుకలు వ్రేళ్లతో ఊడక, కత్తిరించినట్లు కురుచగా ఉండును.

నల్లుల వలన రాలు బొచ్చు

ఇంగ్లీషున మైటు అనబడు ప్రాణిని మన రైతులు నల్లి అందురు. మంచపు నల్లి వేరు. మిరపచేనికి పట్టి ఆకులను ముడుచు తెల్లనల్లి ఈ వర్గమునకు చెందినది. సాలెపురుగు, తేలు, పశువులకు పట్టు పిడుదు దీని బంధువులు. అన్నిటికిని ఎనిమిది కాళ్లు. కుందేళ్లకు పట్టు నల్లులలో ముఖ్యమైనవి మూడు. ఒక్కొక్కటి ఒక్కొక్క చోటును కోరును.

మొదటిది చెయ్‌లెటియెల్లా. ఇది మెడవెనుకను, వీపుమీదను ఉండును. అచట దట్టమైన తెల్లని చుండ్రు రాలును; దానితోపాటు బొచ్చును పలుచబడును. ఈ నల్లి పొడవు అరమిల్లీమీటరుకన్న తక్కువ. చుండ్రును నల్లకాగితముపై దులిపి భూతద్దముతో చూచినచో కొన్ని పొట్టులు కదలుచున్నట్లు కనబడవచ్చును. అందువలననే ఇంగ్లీషువారు దీనికి “నడచు చుండ్రు” అని పేరు పెట్టిరి. ఆరోగ్యముగల కుందేళ్లపై కూడ ఇది కొద్దిగా ఉండవచ్చును. కుందేలు నాకికొనుచున్నంతకాలము దాని సంఖ్య పెరుగదు. మిక్కిలి లావైనందువలననో, నడుము నొప్పి వలననో, పండ్లు చెడినందువలననో వీపును అందుకొనలేని కుందేటిపై అది విజృంభించును. కావున నల్లిని చంపుటతో పని తీరదు. కుందేలు తన్ను తాను ఏల శుభ్రము చేసికొనలేదో కూడ విచారింపవలెను.

రెండవది సోరాప్టీస్, చెవినల్లి. చెవిలోపల గోధుమవన్నె పక్కు పొరలు పొరలుగా పేరుకొనును. కుందేలు తల విదిలించును; వెనుకకాలితో చెవిని గోకికొనును; ఆ గోకుడుచే చెవిచుట్టును బొచ్చు పోవును. ఉపేక్షించినచో పుండు లోచెవికి ప్రాకి తల ఒకప్రక్కకు వాలిపోవచ్చును.

మూడవది సార్కాప్టీస్, గజ్జినల్లి. ఇది మూతి, ముక్కు, కంటిరెప్పలు, చెవియంచులు, పాదములు, గోళ్లమొదళ్లు మొదలగు చోట్ల చర్మములోనికి సొరంగము త్రవ్వి అందే గ్రుడ్లు పెట్టును. అచట బూడిదవన్నె గట్టిపక్కు కట్టును. దురద దుర్భరము. మూతిపై పక్కు ముదిరినప్పుడు కుందేలు మేత మాని చిక్కిపోవును. చికిత్స లేనిచో చనిపోవుటయు కలదు. ఈ మూడింటిలో తొందరపడవలసినది దీనిని గూర్చియే.

నల్లి కానివి

గుండ్రని మచ్చగా బొచ్చు ఊడి, అంచు ఎర్రబారి పొట్టు రేగినచో అది తామర కావచ్చును. తామర శిలీంధ్రము వలన కలుగును. నల్లి మందు దానికి పనిచేయదు. గడ్డము క్రింద బొచ్చు ఎప్పుడును తడిసి ఊడుచున్నచో పండ్లను చూపింపవలెను. కుందేటి పండ్లు జీవితాంతము పెరుగుచునే ఉండును. గడ్డి నమలి అరుగదీయకున్న అవి వంకరపోయి నోట చొంగ కార్పించును. తొడలలోపల బొచ్చు పోయి చర్మము కందినచో గూటిలో మూత్రపు తడి కారణమై ఉండును. మడమల క్రింద ఊడి పుండైనచో ఇనుపతీగల నేల కారణము. తడికిని, తీగలకును మందు సీసాలో దొరకదు; గూడు మార్చుటయే మందు.

వైద్యుడు చేయునది

వైద్యుడు పక్కును కొంచెము గీకి సూక్ష్మదర్శినిలో చూచును. నల్లి యని తేలినచో ఐవర్‌మెక్టిన్ అను మందును చర్మము క్రింద ఎక్కించుటయో, సెలమెక్టిన్ అను మందును మెడవెనుక చర్మముపై చుక్కలుగా వేయుటయో చేయును. ఐవర్‌మెక్టిన్ పుట్టుక ముచ్చటగొలుపునది. జపాను శాస్త్రజ్ఞుడు సతోషీ ఓమురా తమ దేశపు మట్టిలో కనుగొన్న ఒక సూక్ష్మజీవి నుండి వచ్చిన పదార్థమే దీనికి మూలము. ఆయనకును, దానిని మందుగా తీర్చుటలో ముఖ్యుడైన విలియం క్యాంప్‌బెల్‌కును 2015లో నోబెల్ బహుమానములో భాగము లభించినది.

ఈ మందును కుందేటికి కిలో బరువునకు సాధారణముగ 0.2 నుండి 0.4 మిల్లీగ్రాముల వరకు వాడుదురు. పశువులకు వాడు సూదిమందులో ఒక మిల్లీలీటరునకు 10 మిల్లీగ్రాములుండును. రెండు కిలోల కుందేటికి కావలసినది ఎంత? 0.04 నుండి 0.08 మిల్లీలీటర్లు, అనగా ఒకటి రెండు చుక్కలు. లెక్కలలో దశాంశబిందువు ఒక స్థానము జరిగినచో మార్కులు పోవును. ఇచట ప్రాణము పోవును. కావున ఆవునకు తెచ్చిన మందును ఇంటిలో కుందేటికి పొడువరాదు. తూకము వేసి వైద్యుడే ఈయవలెను.

ఒక్క సూదితో పని ముగియదు. మందు నల్లులను చంపును గాని గ్రుడ్లను చంపజాలదు. మిగిలిన గ్రుడ్లు పొదిగి పిల్లలైన పిమ్మట, అవి పెరిగి మరల గ్రుడ్లు పెట్టకముందే రెండవమారు మందు పడవలెను. అందుచేత 10 నుండి 14 దినముల ఎడముతో రెండు మూడు మారులు ఇత్తురు. మొదటి సూదితో దురద తగ్గగానే పలువురు తిరిగి వెళ్లరు; నెల తిరుగకమునుపే రోగము మొదటికి వచ్చును. ఇంటనున్న కుందేళ్లన్నింటికి ఒకేసారి చికిత్స జరుగవలెను. గూటిలోని పాతగడ్డిని తీసి కాల్చి, గూటిని వేడినీటితో కడిగి ఎండలో ఆరబెట్టవలెను. క్రొత్తగా తెచ్చిన కుందేటిని మూడు నాలుగు వారములు వేరుగా ఉంచుట మంచిది.

చేయరాని పనులు

కిరసనాయిలు, ఫినాయిలు, పొగాకు కషాయము, బండినూనె పూయరాదు. కుందేటి చర్మము మిక్కిలి పలుచనిది. పైగా పూసినదెల్ల అది నాకును. స్నానము చేయింపరాదు, బెదరి పెనుగులాడి వెన్నెముక విరుగగొట్టుకొనిన కుందేళ్లు కలవు. చెవిలోని పక్కును పెరుకరాదు; మందు పనిచేసిన పిమ్మట అది తానే రాలిపోవును. కుక్కల గోమార్లకు వాడు ఫిప్రోనిల్ అను మందు కుందేటికి విషము. మనుష్యులకు మిగిలిన అమాక్సిసిలిన్ వంటి మాత్రలు నోట వేయరాదు; ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించి కుందేలు మరణింపవచ్చును. చెవులు పట్టి ఎత్తరాదు. ఒకపూట మేత ముట్టకున్నచో, బొచ్చు సంగతి అటుంచి, వెంటనే వైద్యునికి చూపవలెను.

వైద్యునితో మాటలాడుట

మన హోసూరు ప్రాంతమున ఇంటిలో అవ్వ తెలుగున చెప్పును. వైద్యశాలలో తమిళమున అడుగుదురు. సరిహద్దు దాటిన కన్నడమున అడుగుదురు. నడుమ దుబాసి మన విద్యార్థియే. కావున ఈ మాటలు తెలిసియుండుట మేలు. కుందేటిని తమిళులు ముయల్ అనియు, కన్నడిగులు మొల అనియు అందురు. మన గజ్జి కన్నడమున కజ్జి, తమిళమున సిరంగు. “ముడి కొట్టుదా?” అని తమిళమున అడిగినచో ముడి వేయుటను గాని, కొట్టుటను గాని అడుగుట కాదు, వెండ్రుకలు రాలుచున్నవా అని అడుగుటయే. “రెండు వారముల కొకమారు” అన్నదానిని “వారమునకు రెండుమారులు” అని ఇంట చెప్పినచో మందే విషమగును. మందు పేరు, కొలత, మరల రావలసిన తేదీ కాగితముపై వ్రాయించుకొని అంకెలను చూపించి సరిచూచుకొనవలెను. అంకెలకు భాషాభేదము లేదు.

తల్లిదండ్రులకు మనవి

ఈ నల్లుల వలన మనుష్యులకు కొంత ఇబ్బంది కలుగుట నిజమే. కుందేటిని ఎత్తుకొనిన పిల్లల చేతులపైన, పొట్టపైన దద్దురులు లేచి దురద పెట్టవచ్చును. కుందేళ్ల నల్లులు మన ఒంటిపై స్థిరపడి వృద్ధిపొందవు. కుందేటికి నయమైనచో ఈ దద్దురులును సాధారణముగ తగ్గును. తామర మాత్రము మనుష్యులకును నిలిచి అంటుకొనును; దానికి వైద్యుని చూడవలెను. నయమగువరకు కుందేటిని తాకిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనుట, ప్రక్కలో పరుండబెట్టుకొనకుండుట చాలును.

“నాన్నగారు చూచినచో పారవేయుదురు” అను భయముతో పిల్లలు రోగమును దాచుట కలదు. దాచిన ప్రతిదినము నల్లికి లాభము. రోగము చూపిన బిడ్డను కోపింపకుడు. వాడు చేయవలసిన పని చేసినాడు. ఊరిబయట వదలుట దయ కాదు. ఇంటికుందేలు ఐరోపానుండి వచ్చిన జాతి. మన గుట్టలలోని అడవికుందేలు వేరు. తెల్లనిబొచ్చుతో, బొరియ లేక, భయము తెలియక తిరుగు ఆ ప్రాణి కుక్కల నుండి ఒకరాత్రి తప్పించుకొనుట అరుదు.

కుందేలు సహజముగ ఇతరజంతువులకు ఆహారమైన ప్రాణి. నొప్పిని బయటపెట్టినచో శత్రువు కంటబడుదునని దాని స్వభావమునకు తెలియును. అందుచేత మూలుగదు, ఏడువదు. దాని పక్షమున చూడవలసినవారు మనమే. విద్యార్థులారా, వారమున కొకమారు వెలుతురులో కూర్చుండి చెవిలోపల, ముక్కుమీద, గోళ్లమొదట, మెడవెనుక, పొట్టక్రింద చూచి, కుందేటిని తూచి, పుస్తకములో వ్రాసికొనుడు. పది నిమిషముల పని. ఆ పది నిమిషములు పెట్టువారి యింట గజ్జి ముదురదు.