ముందు పర్మిట్, తర్వాతే పవర్ బ్యాంక్: యోసెమిటీ బ్యాక్‌ప్యాకింగ్‌కి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సినవి

సమ్మర్ దగ్గర పడుతుంటే బే ఏరియాలో ఉండే మనవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "బ్రో, యోసెమిటీ ట్రెక్‌కి ఏ పవర్ బ్యాంక్ కొనాలి?" నేను వెంటనే తిరిగి అడిగేది, "పర్మిట్ వచ్చిందా?" అని. ఎందుకంటే అక్కడ మీ బ్యాగులో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో సగం ఆ పర్మిట్ రూల్సే చెప్పేస్తాయి. అవి తెలియకుండా కొన్న గ్యాడ్జెట్ ఒక్కోసారి ఇంట్లోనే ఉండిపోతుంది.

పర్మిట్ ఎవరికి కావాలి?

పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసే మామూలు డే హైక్‌కి అక్కర్లేదు. టెంట్ వేసుకుని అడవిలో ఒక్క రాత్రి ఉన్నా సరే, ఏడాది పొడవునా వైల్డర్‌నెస్ పర్మిట్ తప్పనిసరి. ప్రతి ట్రెయిల్‌హెడ్‌కి, అంటే నడక మొదలుపెట్టే చోటుకి, రోజుకి ఇంతమందే అని కోటా ఉంటుంది.

ఆ కోటాలో 60 శాతం, ట్రిప్‌కి 24 వారాల ముందు, రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో వారం వారం జరిగే లాటరీ ద్వారా ఇస్తారు. అంటే ఆగస్టు 15న వెళ్లాలంటే ఫిబ్రవరి రెండో సగంలోనే అప్లై చేయాలి. మిగతా 40 శాతం సరిగ్గా 7 రోజుల ముందు, పసిఫిక్ టైమ్ ప్రకారం ఉదయం 7 గంటలకు వదులుతారు. సమ్మర్‌లో అది మన ఇండియా టైమ్‌లో రాత్రి 7:30. తిరుమల దర్శనం టికెట్ల కోటా రిలీజయ్యే రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసుగా, ఇదీ అంతే. ముందే లాగిన్ అయ్యి, గ్రూపులో ఎంతమందో, ఏ ట్రెయిల్‌హెడ్ కావాలో తేల్చుకుని, కార్డు వివరాలు సేవ్ చేసి పెట్టుకోండి.

ఫీజు పెద్దగా ఏం లేదు. అప్లికేషన్‌కి 10 డాలర్లు, మనిషికి 5 డాలర్లు. 10 డాలర్లు మాత్రం లాటరీ తగలకపోయినా వెనక్కి రావు. హాఫ్ డోమ్ కేబుల్స్ ఎక్కాలనుకుంటే దానికి విడిగా అనుమతి కావాలి. వైల్డర్‌నెస్ పర్మిట్‌తో పాటే అది అడిగేయడం మంచిది.

స్క్రీన్‌షాట్ చాలదు

చాలామంది పొరబడేది ఇక్కడే. ఫోన్‌లో వచ్చిన కన్ఫర్మేషన్ మెయిల్ పర్మిట్ కాదు, రిజర్వేషన్ మాత్రమే. పార్కులోని వైల్డర్‌నెస్ సెంటర్‌కి స్వయంగా వెళ్లి, రూల్స్ విని, కాగితం పర్మిట్ తీసుకోవాలి. దారిలో రేంజర్ ఆపితే చూపించాల్సింది ఆ కాగితమే. జిప్‌లాక్ కవర్‌లో పెట్టుకోండి.

ఇక బ్యాగులోకి వద్దాం

డ్రోన్: ఇంట్లో పెట్టేయండి. 2014 నుంచి అమెరికా నేషనల్ పార్కుల్లో డ్రోన్లు ఎగరేయడం నిషేధం. దొరికితే 5,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు. చిన్న డ్రోన్ అయినా మినహాయింపు లేదు. వీసా మీద ఉన్నవాళ్లు ఒక రీల్ కోసం ఈ రిస్క్ తీసుకోవడం నాకైతే అర్థం కాదు.

బేర్ క్యానిస్టర్: ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా ఇది. యోసెమిటీ వైల్డర్‌నెస్ అంతటా తప్పనిసరి. తిండిని చెట్టుకి వేలాడదీయడం అక్కడ కుదరదు. పులిహోర, చేగోడీలతో పాటు టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్ లాంటి వాసన వచ్చేవన్నీ ఇందులోనే వెళ్లాలి. పెద్ద సైజు డబ్బా ఒక్కటే కిలోకి పైగా బరువు ఉంటుంది. కొనక్కర్లేదు, పర్మిట్ తీసుకునే చోటే అద్దెకిస్తారు. ఈ రూల్ మన తిండి కాపాడటానికే అనుకోవద్దు. మనుషుల తిండికి అలవాటు పడ్డ ఎలుగుబంటి గుడారాల మీదికి వస్తుంది. చివరికి దాన్ని చంపాల్సిన పరిస్థితి వస్తుంది.

పవర్ బ్యాంక్: రెండు మూడు రాత్రులకి 10,000 ఎంఏహెచ్ చాలు. సుమారు 200 గ్రాములే. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. రాత్రి చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. నేను ఫోన్, పవర్ బ్యాంక్ రెండూ స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకుంటాను.

శాటిలైట్ ఎస్ఓఎస్: ట్రెయిల్ మీద చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో ఎమర్జెన్సీ శాటిలైట్ ఫీచర్ ఉంది. గూగుల్ పిక్సెల్ 9లోనూ ఉంది. కానీ ఆకాశం కనబడాలి, దట్టమైన చెట్ల కింద ఇబ్బందే. పైగా బ్యాటరీ అయిపోతే అదీ పోయినట్టే. అందుకే రెండు రాత్రులు దాటితే గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2 లాంటి విడి పరికరం ఉండాలని నా సలహా. బరువు 100 గ్రాములే, కాకపోతే సబ్‌స్క్రిప్షన్ కట్టాలి.

ఇండియా వస్తుంటే ఒక్క మాట

అదే ఇన్‌రీచ్‌ని సూట్‌కేస్‌లో పడేసి హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కకండి. మన దేశంలో అనుమతి లేని శాటిలైట్ కమ్యూనికేటర్ దగ్గర ఉంచుకోవడం నేరం. ఎయిర్‌పోర్టులో ఇలాంటి పరికరంతో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న విదేశీ ట్రెక్కర్లు ఉన్నారు. ఐఫోన్‌తో ఆ సమస్య లేదు. ఇక్కడ దాని శాటిలైట్ ఫీచర్ పనిచేయదు, అంతే.

మరి ఏం కొనాలి?

నా లెక్కలో వరుస ఇదీ: పర్మిట్, బేర్ క్యానిస్టర్, ఆఫ్‌లైన్ మ్యాప్, ఎస్ఓఎస్, ఆ తర్వాతే పవర్ బ్యాంక్. టెంట్ నీటికి, దారికి 100 అడుగుల దూరంలో వేయండి. 9,600 అడుగులు దాటాక మంట వేయకూడదు కాబట్టి చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకోండి. వాడిన టిష్యూ పేపర్‌తో సహా చెత్తంతా వెనక్కి తెచ్చేయాలి. రూల్స్ మారుతుంటాయి, అప్లై చేసే రోజు పార్కు అధికారిక సైట్ ఒకసారి చూసుకోండి.