మూర్తిమత్వ రుగ్మత: తీవ్రతను కొలుచు ప్రశ్నావళులు

జ్వరము వచ్చినవానిని "నీకెంత జ్వరమున్నది?" అని అడిగి వైద్యుడు ఊరకుండడు, థర్మామీటరు పెట్టి చూచును. మూర్తిమత్వ రుగ్మత విషయమున అట్టి సాధనమేదియు లేదు. తన్ను గూర్చియు, తోడివారిని గూర్చియు మనిషికి గల భావనలు చెడి, అందువలన అతని నడవడియు, సంబంధములును ఏండ్ల తరబడి దెబ్బతినుచుండుటయే ఈ రుగ్మత. దాని తీవ్రతను తెలియుటకు వైద్యులు రోగి చేతికే కాగితమిచ్చి, తన్ను గూర్చి తననే వ్రాయుమనుచున్నారు. అట్టి కాగితములు నేడు పలువిధములుగా ఉన్నవి.

ఇన్ని పుట్టుటకు కారణము వర్గీకరణలోని మార్పు. పూర్వము ఈ రుగ్మతను పలు రకములుగా విభజించి, రోగి ఏ రకమువాడో నిర్ణయించెడివారు. ఒక్కనియందే రెండు మూడు రకముల లక్షణములు కనబడుచుండుటచే చిక్కులు వచ్చెను. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము పాత రకములను ఉంచుచునే, మరొక పద్ధతిని కూడ సూచించెను. తానెవరో ఎరుగుట, జీవితమునకొక గమ్యమును ఏర్పరచుకొనుట, పరుల మనసు గ్రహించుట, ఆత్మీయతను నిలుపుకొనుట అను నాలుగింటిలో లోపమెంత యని చూడుమన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పదునొకండవ వర్గీకరణము మరింత ముందుకు పోయెను. 2019లో ఆమోదము పొంది, 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన ఆ గ్రంథమున పాత రకములు దాదాపుగా తొలగి, స్వల్పము, మధ్యమము, తీవ్రము అను మెట్లు నిలిచినవి. మెట్లు వచ్చినపుడు కొలబద్ద కావలెను గదా!

అమెరికాలో లెస్లీ మోరీ 2017లో ప్రకటించిన ప్రశ్నావళిలో 80 వాక్యములున్నవి. విషయము సమగ్రమే, కాని కలతలోనున్న రోగికి అన్నింటిని చదువుట శ్రమ. హాలండు పరిశోధకులు 12 వాక్యములతో సరిపెట్టిరి. ఆరు తన్ను గూర్చి, ఆరు ఇతరులతోడి సంబంధములను గూర్చి. 2018లో వెలువడిన బ్రిటిషు ప్రశ్నావళికి తొమ్మిదే ప్రశ్నలు. ఇది కొత్త వర్గీకరణము యొక్క తొలి ప్రతిపాదనలను అనుసరించి చేయబడినది. కోపము, తొందరపాటు, దిగులు వంటి స్వభావలక్షణములనే ఎక్కువగా అడుగుచున్నదని విమర్శకు గురియైనది. ఆ విమర్శ న్యాయమే యని మాకు తోచుచున్నది.

మాకు మిక్కిలి ఆసక్తి గొలిపినది డెన్మార్కుకు చెందిన బో బాక్, సహపరిశోధకులు 2021లో ప్రకటించిన 14 ప్రశ్నల పత్రము. అందు మొదటి పదింటికి సమాధానములు రెండు కొసల నడుమ అమర్చబడినవి. ఆత్మగౌరవమునే తీసికొందము. "నేనెందుకును కొరగాను" అనునది ఒక కొస, "నన్ను మించినవారు లేరు" అనునది వేరొక కొస. నడిమి సమాధానమునకు సున్న. ఏ కొసకు పోయినను రెండు. సామాన్య ప్రశ్నావళిలో "నాపై నాకు పూర్తి నమ్మకము కలదు" అని గీత పెట్టిన అహంకారి ఆరోగ్యవంతుడుగా తేలిపోవచ్చును. ఇచ్చట అట్లు తప్పించుకొనుట కష్టము.

అయినను మూలమందలి చిక్కు తీరలేదు. తన్ను తాను సరిగా చూడలేకపోవుటయే రుగ్మతలో భాగమైనపుడు, ఆ చూపునే సాక్ష్యముగా గైకొనుట యెట్లు? గాఢమైన విషాదములో నున్నవాడు తన లోపములను పెంచి వ్రాయును. విషాదము తగ్గగనే అంకెయు తగ్గును. ప్రశ్నావళులు తమలో తాము బాగుగనే ఏకీభవించుచున్నవి. ఎదుట కూర్చుండి విచారించిన నిపుణుని అంచనాతో మాత్రము అంతగా కలియుట లేదు. అట్లని కాగితమును త్రోసివేయరాదు. ఎదుట మనిషి యుండగా సిగ్గుచే నోట రాని మాట, ఒంటరిగా గీత పెట్టునపుడు బయటపడుట కలదు.

ఈ సందర్భముననే పొట్టి పత్రముల లోపమొకటి చెప్పవలసియున్నది. హాలండు వారి 12 వాక్యములలోగాని, బ్రిటిషు వారి తొమ్మిది ప్రశ్నలలోగాని, తన్ను తాను గాయపరచుకొనుటను గూర్చిన ప్రశ్న లేదు. డెన్మార్కు పత్రమున అది విడిగా కలదు. మొత్తము అంకె 32కు ఎంత తక్కువ వచ్చినను, ఆ ఒక్క ప్రశ్నకు "అవును" అని కనబడినచో, వైద్యుడు రోగిని ఆనాడే కూర్చుండబెట్టి మాటలాడవలెను.