మూడు వారముల సైకిలు పందెమునకు మంచి దారి యేది?

ఫ్రాన్సు దేశమున ఏటేట, సాధారణముగ జూలై నెలలో జరుగు 'టూర్ ద ఫ్రాన్స్' అను సైకిలు పందెమును గూర్చి మీలో పెక్కురు వినియుందురు. 1903వ సంవత్సరమున ఒక వార్తాపత్రిక తన ప్రతుల అమ్మకమును పెంచుకొనుటకై దీనిని ఆరంభించెను. ఇప్పుడది 21 మజిలీల పందెము. నడుమ రెండు విశ్రాంతి దినములు కలవు. మొత్తము దూరము సుమారు 3,400 కిలోమీటర్లు. దారి మాత్రము ప్రతి సంవత్సరము మాఱును. రాబోవు ఏటి దారిని అంతకు ముందటి అక్టోబరులో పారిసు నగరమున ప్రకటింతురు. పటము వెలువడిన దినముననే వాదములు మొదలగును. ఈ దారి మంచిదా, చెడ్డదా? ఆ తీర్పు చెప్పుటకు నేను పాటించు ప్రమాణములను నేడు మీకు విన్నవింతును.

ముందుగా పందెపు పద్ధతిని తెలిసికొనవలెను. మజిలీలన్నిటికి పట్టిన కాలమును కూడగా ఎవ్వనికి తక్కువ వచ్చునో అతడే విజేత. ఆ లెక్కలో ముందున్నవానికి పసుపుపచ్చ చొక్కా తొడుగుదురు. రెండవ విషయము గాలిని గూర్చినది. సమతల భూమిపై సైకిలు తొక్కువానికి ప్రధాన శత్రువు గాలియే. మఱియొకని వెనుక నక్కి పోవువానికి శ్రమ ఎంతయో తగ్గును. కావుననే అందఱు గుంపుగా పోవుదురు. ఎంతటి బలశాలియైనను ఒంటరిగా గుంపును విడిచి దూరము పోజాలడు. దారిని కూర్చువాని పని యంతయు ఈ గుంపును ఎక్కడ, ఎట్లు విడదీయవలెనను ప్రశ్నపైననే నిలిచియున్నది.

పటము చూచినవారు సామాన్యముగ కొండలను లెక్కింతురు. శిఖరము లెన్ని, ఎత్తెంత, దూరమెంత అని అడుగుదురు. కాని కష్టము పెంచినంత మాత్రమున పందెము రక్తి కట్టదు. 1926లో 17 మజిలీలలో 5,745 కిలోమీటర్లు తొక్కించిరి. అనగా మజిలీకి సగటున 338 కిలోమీటర్లు! దూరమున దానిని మించిన 'టూర్' నేటి వఱకు లేదు. అట్టి దారి ఎవడెక్కువ ఓర్చుకొనగలడో తెలుపును. ఎవడు సాహసించునో, ఎవడు యుక్తి పన్నునో తెలుపజాలదు. కావున నా మొదటి ప్రశ్న 'ఎన్ని కొండలు?' అని కాదు. 'ఏది దేని తరువాత వచ్చుచున్నది?' అని.

ఒక దినపు మజిలీని చూడుడు. దారి యంతయు చదునై, చివర మాత్రము ఒక నిట్రమైన కొండ యున్నదనుకొందము. అప్పుడు బలవంతు లందఱు తమ సహచరుల చాటున ఆ కొండ మొదలు వఱకు హాయిగా వత్తురు. తుది రెండు మూడు కిలోమీటర్లలో మాత్రము తలపడుదురు. అంతరము కొన్ని సెకండ్లు మాత్రమే. అట్లుగాక చివరి కొండకు ముందే దానికి దీటైన మఱియొక పెద్ద కనుమను నిలిపి, రెంటి నడుమ చదునును తగ్గించినచో మొదటి కొండపైననే సహచరులు అలసి రాలిపోవుదురు. నాయకు లొంటరి లగుదురు. 2022లో పదునొకండవ మజిలీ యిట్టిదే. 2,642 మీటర్ల గాలిబియే కనుమ దాటి, దిగి, 2,413 మీటర్ల గ్రానో కనుమపై ముగియవలెను. డెన్మార్కు యువకుడు వింగెగోయు, అతని జట్టువాడైన రోగ్లిచ్చును గాలిబియే మార్గముననే వంతులవారీగా దుమికి, పసుపు చొక్కా తొడిగిన స్లోవేనియా వీరుడు పొగాచర్‌ను అలయించిరి. గ్రానోపై పొగాచర్ 2 నిమిషముల 51 సెకండ్లు కోల్పోయెను. పారిసు చేరుసరికి వింగెగో ఆధిక్యము 2 నిమిషముల 43 సెకండ్లు. గ్రానో ఎక్కుడు 11 కిలోమీటర్లకు మించి కొంచెమే. దానికా శక్తి నిచ్చినది దాని ముందున్న గాలిబియే.

రెండవ ప్రశ్న: భిన్నమైన బలములకు సమానమైన అవకాశమున్నదా? కొండ లెక్కువాడు తేలికగా నుండును. సమతలమున ఒంటరిగా వేగము నిలుపువాడు బరువుగా, దృఢముగా నుండును. ఈ రెండవవాని కొఱకే ఒక్కొక్కనిని విడివిడిగా వదలి గడియారముతో కొలుచు ఒంటరి పరుగులు ఏర్పడినవి. 'టూర్'లో ఇవి 1934లో మొదలైనవి. వీని మోతాదు వంటలో ఉప్పు వంటిది. 2012లో ఒంటరి పరుగులన్నియు కలిసి 100 కిలోమీటర్లు దాటినవి. వానిలో పెద్దవి రెండింటిని ఇంగ్లీషువాడైన విగ్గిన్స్ గెలిచి, కొండలపై తన జట్టు చాటున కాచుకొని విజేత యయ్యెను. నియమము ప్రకారము అది న్యాయమే. చూచువారికి మాత్రము ఉత్కంఠ తక్కువయ్యెను. అట్లని వీనిని బొత్తిగా తీసివేసిన కొండవీరునికి తొందర యుండదు. ఒంటరి పరుగున నష్టపోవుదునను భయమే అతనిని కొండపై దూరమునుండి దుమికించును. ఈ భయము మంచి దారికి ప్రాణము వంటిది.

మూడవ ప్రశ్న: చదును నేలను వ్యర్థపఱచినారా? చదునుదారులు గాలికి వీలిచ్చునట్లు సాగినచో అవియును యుద్ధభూములే. ప్రక్కగాలి వీచినపుడు చాటు నేరుగా వెనుక దొరకదు. ఏటవాలుగా ప్రక్కన దొరకును. రోడ్డు వెడల్పు కొలదిమందికే చాలును. తక్కినవారు అంచున వరుసగా సాగి, గాలికి తెగిపోవుదురు. 2015లో రెండవ మజిలీ హాలెండు సముద్రతీరమున జరిగెను. అక్కడ కొలంబియా కొండవీరుడు కింతానా వెనుకబడి 1 నిమిషము 28 సెకండ్లు కోల్పోయెను. తుదకు ఆల్ప్స్ పర్వతములలో విజృంభించి బ్రిటను వీరుడు ఫ్రూమ్‌ను తఱిమెను గాని, మొత్తముపై 1 నిమిషము 12 సెకండ్లు తక్కువపడి రెండవవాడయ్యెను. కొండయే లేని తీరమున పోయిన కాలమును ఆల్ప్స్ పూర్తిగా తిరిగి యీయలేకపోయినవి.

నాలుగవ ప్రశ్న: తుది వఱకు సందేహము నిలుచునా? కఠినమైన మజిలీల నన్నిటిని మొదటి వారముననే కుప్పవోసినచో, తరువాతి రెండు వారములు ఊరేగింపు వలె నుండును. 1989లో చివరి మజిలీయే వెర్సాయి నుండి పారిసునకు 24.5 కిలోమీటర్ల ఒంటరి పరుగు. అమెరికావాడు లెమాండ్ 50 సెకండ్లు వెనుకబడి బయలుదేఱి, ఫ్రాన్సు వీరుడు ఫిన్యోపై 8 సెకండ్ల తేడాతో విజేత యయ్యెను. 2020లో ముగింపునకు ముందటి దినమున, 36 కిలోమీటర్ల ఒంటరి పరుగును ల ప్లాంష్ దె బెల్ ఫియ్ అను కొండపై ముగించిరి. రోగ్లిచ్ కంటె 57 సెకండ్లు వెనుకనున్న పొగాచర్ అక్కడ తలక్రిందులు చేసి, 59 సెకండ్ల ఆధిక్యముతో పారిసు చేరెను. చదునును కొండను ఒకే పరుగున కలిపిన ఆ కూర్పును నేను మిక్కిలి మెచ్చుకొందును.

ఐదవ ప్రశ్న నా దృష్టిలో తక్కిన వాని కన్నిటికి పైది. ఈ దారి మనుష్యుల ప్రాణమును గౌరవించునా? ఎక్కుడున కండరము పరీక్షింపబడును. దిగుడున ప్రాణమే పణమగును. 1995 జూలై 18వ తేదీన పిరనీసు పర్వతములలో పోర్తె దాస్పె కనుమను దిగుచు, ఇటలీవాడైన ఫాబియో కాసార్తెల్లి పడి మరణించెను. మూడేండ్లకు ముందే ఒలింపిక్ స్వర్ణపతకము నందినవాడు. వయస్సు ఇరువదినాలుగు మాత్రమే. దిగుళ్లు లేని పర్వతపు దారి యుండదు. కాని గుంపు పూర్తి వేగమున దూసికొని పోవు ముగింపునకు చేరువన ఇఱుకైన మలుపును పెట్టుట, నిట్రమైన దిగుడు మొదలంటనే మజిలీని ముగించుట అనవసరమైన ప్రమాదములు. వానివలన వచ్చు ఉత్కంఠను నేను గుణముల పట్టికలో చేర్చను.

ఇన్ని చెప్పితిని గాని, దారి కూర్చువానికిని చిక్కులు కలవు. మజిలీకి ఆతిథ్య మిచ్చు పట్టణములు అందులకు రుసుము చెల్లించును. వాని కోరికను త్రోసిపుచ్చలేడు. కొన్ని శిఖరములపై వేలకొలది బండ్లకు, మనుష్యులకు చోటుండదు. పైగా ఎంత నేర్పుతో కూర్చినను తొక్కువారు భయపడి కూర్చున్న దినమున దారి యేమియు చేయలేదు. 2018లో పిరనీసులలో మూడు కనుమలతో 65 కిలోమీటర్ల మజిలీ యొకటి పెట్టి, ప్రారంభమున స్థానముల వరుసలో నిలిపిరి. ఆ వరుసవలన విశేష మేమియు పుట్టలేదు. కాని దూరము తగ్గినందున మొదటి కొండనుండియే పోరు సాగి, అగ్రస్థానముల క్రమము మాఱెను. ప్రయోగములలో కొంత ఫలించును, కొంత ఫలింపదు.

కావున రాబోవు పటము మీ చేతికి వచ్చినపుడు శిఖరముల ఎత్తును ప్రక్కకు పెట్టి చూడుడు. ప్రతి పెద్ద కొండకు ముందేమున్నదో, బలహీనమైన దినమున ఎవ్వడు దేనికి భయపడునో, చివరి శనివారమున లెక్క తేలక యుండు వీలున్నదో లేదో పరిశీలింపుడు. ఎవ్వని గెలుపును ముందుగా వ్రాయక, గెలువదలచిన ప్రతివానిని ఎక్కడనో ఒకచోట సాహసింపజేయు దారియే మంచి దారి.