బార్కస్‌లో ఒక సెలవు రోజు

సెలవులు వచ్చాయంటే ఎక్కడికైనా వెళ్ళాలని మనసు లాగుతుంది. కలిగిన దేశాల పిల్లలయితే అమ్మానాన్నలతో కలిసి గ్రీసు దేశపు దీవులకు వెళతారు. సముద్రంలో ఈదుతారు, పాత కట్టడాలు చూస్తారు, ఆ ఊరి వంటలు తింటారు, సాయంత్రం కొండెక్కి దిగుతారు. అంత ఖర్చు మనవల్ల ఎక్కడవుతుంది అంటారా? దిగులు పడకండి. సిటీబస్సు టిక్కెట్టుతో చేరగలిగిన దీవి ఒకటి హైదరాబాదులోనే ఉంది. చుట్టూ నీళ్ళు మాత్రం ఉండవు. దాని పేరు బార్కస్.

చార్మినారుకు దక్షిణంగా ఆరేడు కిలోమీటర్లు వెళితే చాంద్రాయణగుట్ట పక్కన ఈ పేట వస్తుంది. బయలుదేరే ముందు ఒక నోటుబుక్కు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. అక్కడ మీకు కనబడిన ప్రతిదాన్నీ ఒకే ప్రశ్న అడగాలి: "నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు?" జవాబు రాసుకోవాలి. ఇదే ఇవాళ్టి ఆట.

మొదట పేరునే అడుగుదాం. బార్కస్ అన్నది తెలుగు మాట కాదు, ఉర్దూ కాదు, అరబ్బీ కూడా కాదు. సైనికులుండే ఇళ్ళను ఇంగ్లీషులో బ్యారక్స్ అంటారు. ఆ మాటే జనం నోట నలిగి బార్కస్ అయింది. నిజాం సైన్యంలో కొలువు చేసిన అరబ్బు సిపాయిలు ఇక్కడ ఉండేవారు. వాళ్ళ మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు. వీళ్ళను చావూష్‌లంటారు. అది కూడా ఇక్కడి మాట కాదు. తురుష్క సైన్యంలో ఒక చిన్న హోదా పేరు. దుకాణాల మీది బోర్డులు చదువుతూ నడవండి. "బా" అనే అక్షరంతోనో, "బిన్" అనే మాటతోనో మొదలయ్యే ఇంటిపేర్లు తగులుతాయి. మగవాళ్ళు చాలామంది లుంగీల్లో కనబడతారు. ఆ అలవాటు కూడా వాళ్ళతోపాటు వచ్చిందే.

పొద్దున్నే వెళ్ళమని ఎందుకు చెబుతానంటే, హరీస్ అనే వంటకం ఉదయంపూటే దొరుకుతుంది. గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి, బాగా మెదిపి చేస్తారు. కారంగా తినేవారికి కారంగా, తీపి కావాలన్నవారికి చక్కెర చల్లి ఇస్తారు. మాంసం ముట్టనివారు వండే తీరు చూసి వచ్చినా చాలు, అందులోనే బోలెడు పాఠం ఉంది.

గోధుమగింజలో పిండిపదార్థం సన్నని రేణువులుగా ఉంటుంది. నీరు అరవై డిగ్రీలు దాటి వేడెక్కితే ఈ రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, పగులుతాయి, జిగురవుతాయి. మాంసం సంగతి వేరు. కండపోగులను పట్టి ఉంచే కొలాజెన్ అనే గట్టి ప్రోటీను, నీటిలో చాలాసేపు కాగితేనే మెత్తని జెలటిన్‌గా మారుతుంది. మంట పెంచినందువల్ల లాభం లేదు. తెరచిన పాత్రలో నీరు మరిగే వేడిని దాటదు కదా! పైగా హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీరు నూరు డిగ్రీలకు కాక తొంభై ఎనిమిదికే మరుగుతుంది. అందుకే ఓపికే అసలు దినుసు. చివర పోగులు విడిపోయేదాకా మెదుపుతారు. హరీస్ అన్న మాట అరబ్బీలో దంచడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. పదో శతాబ్దంలో బాగ్దాదులో రాసిన వంటల పుస్తకంలోనే ఇది ఉంది. మనవాళ్ళు దీనికి పప్పులు, మసాలాలు జోడించి హలీం చేసుకున్నారు. ఆ హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇప్పుడు అట్లాసు తీయండి. అరేబియా ద్వీపకల్పం దక్షిణపు అంచున యెమెన్ దేశం, అందులో హద్రమౌత్ అనే ప్రాంతం చూడండి. బార్కస్ వారి పూర్వీకులు ఎక్కువమంది అక్కడివారే. అక్షాంశం చూశారా? హైదరాబాదు 17 డిగ్రీల పైన, హద్రమౌత్ లోయ 16 దగ్గర. రెండు చోట్లా సూర్యుడు ఇంచుమించు ఒకే ఎత్తున నడుస్తాడు. కాని మనకు ఏటా 800 మిల్లీమీటర్ల వాన పడితే, ఆ లోయలో నూరు మిల్లీమీటర్లు పడడం కూడా కష్టం. నైరుతి గాలి అరేబియా తీరం వెంబడి సాగిపోయి, దారిలో సముద్రపు తేమను పోగుచేసుకుని మన వైపు వచ్చి దించుతుంది. వాన లేదు కనుకనే అక్కడ షిబాం అనే ఊరిలో పచ్చి ఇటుకలతో ఏడెనిమిది అంతస్తుల మేడలు కట్టి, వందల ఏళ్ళుగా కాపురముంటున్నారు. 1982లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. అలాంటి మేడ మన ఊళ్ళో కడితే రెండు వర్షాకాలాలు నిలుస్తుందా?

వాళ్ళకు వాన ఇవ్వని ఆ గాలే వాళ్ళను మన వైపు తెచ్చింది. నైరుతి గాలి చివరి రోజుల్లో తెరచాప ఎత్తితే ఓడ భారతదేశపు పడమటి తీరం చేరుతుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి దాన్ని తిరిగి ఇంటికి చేరుస్తుంది. ఈ దారిని హిప్పాలస్ అనే గ్రీకు నావికుడు కనిపెట్టాడని మొదటి శతాబ్దపు గ్రీకు గ్రంథం "పెరిప్లస్" చెబుతుంది. మన నావికులకూ అరబ్బులకూ అంతకుముందే తెలిసిన సంగతి అది. చూశారా, గ్రీసువాడు ఇక్కడా తగిలాడు! అరబ్బీలో "మౌసిమ్" అంటే రుతువు. ఇంగ్లీషువారి మాన్సూన్ అందులోంచే పుట్టింది. ఉర్దూ మౌసం కూడా అదే. ఒక లెక్క చేయండి. హద్రమౌత్‌లోని ముకల్లా రేవు నుంచి బొంబాయికి దాదాపు 2,500 కిలోమీటర్లు. గంటకు పది కిలోమీటర్ల చొప్పున రేయింబవళ్ళు సాగితే ఎన్ని రోజులు పడుతుంది?

వచ్చినవారిలో కొందరి కథ విచిత్రమైనది. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే ఆయన హైదరాబాదులో జమాదారుగా పనిచేసి సంపాదించిన ధనంతో ఆయనా, కొడుకులూ హద్రమౌత్‌లో రాజ్యమే స్థాపించారు. ఆ వంశం 1967 దాకా ఏలింది. కాని మామూలు సిపాయి కథ అలా సాగలేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. అరబ్బు దళాలు రద్దయ్యాయి. కొందరిని యెమెన్‌కు తిప్పి పంపారు. ఇక్కడే పుట్టి పెరిగినవారు ఎక్కడికి పోతారు? తుపాకి పట్టిన చేతులు చిన్న వ్యాపారాలకూ, తోటపనికీ అలవాటుపడ్డాయి. 1970 తరువాత గల్ఫ్ దేశాల్లో పనులు దొరికి చాలామంది అటు వెళ్ళారు. ఈసారి విమానంలో!

తోటలంటే జామతోటలు. "బార్కస్ జామ" అని అరిస్తే చాలు, నగరంలో బండి ఖాళీ అయ్యేది. ఇప్పుడు ఆ తోటల చోట ఇళ్ళు లేచాయి. పేరు మిగిలింది, చెట్లు తగ్గాయి. కాయ కొన్నప్పుడు, ఇది ఏ ఊరి తోటలో కాసిందని తప్పక అడగండి. అసలు జామచెట్టునే అడిగితే తాను పుట్టింది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల్లో అంటుంది. పోర్చుగీసువారు దాన్ని ఇటు తెచ్చారు.

రెండు కాయలు ఇంటికి తెచ్చి ఈ ప్రయోగం చేయండి. అన్నం వార్చిన గంజి ఒక చెంచాడు గ్లాసుడు నీళ్ళలో కలపండి. మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేస్తే నీళ్ళు నీలంగా మారతాయి. బాగా పండిన జామను నలిపి, కొద్ది నీళ్ళు చేర్చి, గుడ్డలో వడకట్టి ఆ రసం చుక్కచుక్కగా వేయండి. నీలిరంగు మాయమవుతుంది. రసంలోని విటమిన్ సి అయోడిన్‌ను అయోడైడ్‌గా మార్చేస్తుంది. అయోడైడ్‌కు గంజిని నీలం చేసే శక్తి లేదు. ఎన్ని చుక్కలు పట్టాయో రాయండి. నారింజ రసంతో మళ్ళీ చేయండి. బరువుకు బరువు చూస్తే జామలో నారింజకు సుమారు నాలుగు రెట్ల విటమిన్ సి ఉంటుంది. మీ లెక్కలో అంత తేడా రాకపోతే, జామలో మీరు పోసిన నీళ్ళు గుర్తు తెచ్చుకోండి. గ్లాసులోని నీళ్ళు మాత్రం నోట పెట్టకూడదు.

సాయంత్రం శ్రీశైలం రోడ్డున బస్సెక్కి పహాడీ షరీఫ్‌కు వెళ్ళండి. కొండమీద దర్గా ఉంది. మెట్లు చాలానే ఎక్కాలి. ఆయాసం వచ్చిన చోట ఆగి పక్కనున్న బండను చూడండి. మెరిసే పలుకులు అభ్రకం, గాజులా ఉన్నవి క్వార్ట్జ్, గులాబీ, బూడిద రంగువి ఫెల్డ్‌స్పార్. మూడూ కలిసి గ్రానైటు. ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న ఈ గుండ్లను ఎవరూ దొర్లించుకు రాలేదు. నేలలోపల ఉన్నప్పుడే బీటల్లోకి నీరు దిగి, ఫెల్డ్‌స్పార్‌ను మట్టిగా మార్చుతూ, మూలలను ముందుగా తినేసింది. తరువాత ఆ మట్టి కొట్టుకుపోయి గుండ్లు బయటపడ్డాయి. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అప్పటికి చేపలు కూడా పుట్టలేదు.

మీ నోటుబుక్కులో ఇవాళ రాసినవాటిలో ఎక్కడి నుంచీ రానిది ఇదొక్కటే. మరి ఇది వెళ్ళిపోతోంది. హైదరాబాదు చుట్టుపట్ల ఇలాంటి గుట్టలు ఎన్నో పేలి, కంకరగా మారి లారీలెక్కాయి. వీటిని కాపాడాలని కొందరు పూనుకుని 1996లో ఒక సంఘం కూడా పెట్టారు. కాబట్టి మెట్లు దిగే ముందు మీకు నచ్చిన గుండు ఒకటి ఎంచుకుని బొమ్మ గీయండి. ఎదురుగా "ఇక్కడిదే" అని రాసి, తేదీ వేయండి. వచ్చే సెలవుల్లో అదే మెట్టు మీద నిలబడి బొమ్మతో పోల్చి చూడండి.